నానా తంటా: డిసేబిలిటీ పెన్షన్ అప్పీలు, 4వ పాఠం

డిసేబిలిటీ పెన్షన్ అడిగి లేదనిపించుకున్న మాజీ సైనికులారా, పోయినసారి అప్పీలు చిత్తుప్రతి రాసి పంపమన్నాను. పంపారు. అవి చదివాక ఈ వారం అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. దాదాపు అందరిదీ ఒకటే పాట: "నొప్పి ఎక్కువైంది, 30 శాతం చాలదు, 40 చేయండి." తప్పు నాదే. మెడికల్ బోర్డు వేసే వైకల్య శాతం గురించి చెప్పాను గానీ అది ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేదు.

తిరస్కరణ లేఖ మళ్ళీ తీయండి. అందులో 'నానా' అని ఉందా? అంటే జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని. ఆ ముద్ర ఉన్నంతకాలం బోర్డు 30 వేసినా 80 వేసినా డిసేబిలిటీ కింద చేతికొచ్చేది సున్నా.

సరే, ముద్ర పోయిందనుకుందాం. అప్పుడైనా 30ని 40 చేయించుకుంటే ఏమొస్తుంది? ఏమీ రాదు. 20 నుంచి 49 దాకా ఎంతున్నా రౌండింగ్‌లో 50 అవుతుంది. 50 నుంచి 75 దాకా 75, ఆ పైన 100. నూరు శాతానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు కాబట్టి 50కి 15 శాతం. మీ 30కీ అంతే, మీరడిగే 40కీ అంతే. శాతం మీద కొట్లాడాల్సింది 20కి ఇవతల ఆగిపోయినవాళ్ళు, 48, 49 దగ్గర ఉన్నవాళ్ళు. సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్ళకూ ఈ రౌండింగ్ ఉందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. (2023 సెప్టెంబర్ 21 తర్వాత దిగినవాళ్ళకు నియమాలు మారాయి. ఈ పాఠం వాళ్ళకు కాదు.)

ఇక నానా మీదికి వెళ్దాం. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు పట్టుకోండి. భర్తీనాటి మెడికల్ కాగితాల్లో ఆ జబ్బు లేకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లేనని భావించాలి. కాదంటే బోర్డు కారణాలు రాయాలి. "పీస్ స్టేషన్‌లో మొదలైంది" అని, అంటే సరిహద్దుకు దూరంగా ప్రశాంతమైన చోట మొదలైందని, ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సియాచిన్ నుంచి సికింద్రాబాద్ వచ్చిన నాలుగు నెలలకు బీపీ బయటపడితే, అది సికింద్రాబాద్‌లోనే పుట్టిందా?

నేనైతే అప్పీలు రెండు పేజీలు దాటనివ్వను, తీర్పులు ఇరవై జతచేయను. ఆరు నెలల గడువు, రికార్డ్ ఆఫీసు అడ్రసు మీకు తెలిసినవే.

అభ్యాసం: భర్తీ నుంచి డిశ్చార్జి దాకా ప్రతి పోస్టింగూ తేదీలతో, ఫీల్డా (సరిహద్దు, కఠిన ప్రాంతం) పీసా అన్నది కూడా చేత్తో రాయండి. పక్కనే ఏ తేదీన ఏ ఆసుపత్రిలో చూపించుకున్నారో రాయండి. ఒక్క సాయంత్రంలో అవదు. అది పూర్తయ్యేదాకా కొత్త చిత్తుప్రతి పంపొద్దు.