పాత ఎల్పీలు, కొత్త చెవులు – 4వ పాఠం: సోలో కింద మోగే గిటార్

పోయిన పాఠం హోంవర్క్ సంగతి ముందు తేల్చేద్దాం. లెడ్ జెప్లిన్ బ్యాండు నాలుగో ఆల్బమ్ (1971) చివరి పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్' పెట్టుకుని, ఆ డ్రమ్స్ ఎలాంటి గదిలో మోగుతున్నాయో చెవితోనే చెప్పమన్నాను. 'గది' కాదు, 'మెట్ల హాలు' అనుకున్నవాళ్లకి పూర్తి మార్కులు. ఇంగ్లండులో హాంప్‌షైర్ జిల్లాలోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతి అది. జాన్ బోనమ్ డ్రమ్స్‌ని కింద హాల్లో పెట్టి, ఇంజినీర్ ఆండీ జాన్స్ రెండు మైకుల్ని పైమెట్ల దగ్గర నుంచి వేలాడదీశాడు. ఆ శబ్దాన్ని ఎకో యంత్రం గుండా కూడా పంపారు. కాబట్టి 'ఎకో మెషిన్' అని రాసినవాళ్లదీ సగం కరెక్టే.

ఇక ఈ పాఠం. గిటార్ రాక్ అనగానే మనకి గుర్తుండేది సోలో, అంటే పాట మధ్యలో ఒక్క గిటార్ ముందుకొచ్చి వాయించే చోటు. కుర్రతనంలో కొన్న రికార్డులన్నీ మనం సోలోల కోసమే విన్నాం. ముల్లు ఎత్తి సరిగ్గా సోలో దగ్గర దింపేవాళ్లం. అదే రికార్డుని ఇన్నేళ్లకి తీసి వింటే సోలో ఎలాగూ కంఠతా వచ్చేసి ఉంటుంది, కొత్తగా చెప్పేదేమీ ఉండదు. కొత్తగా వినిపించేది దాని కింద ఉన్న రెండో గిటార్. బ్రిటిష్ గిటార్ ఆల్బమ్స్‌లో ఇప్పటికీ నిలబడినవి చాలావరకు ఆ రెండో గిటార్ వల్లే నిలబడ్డాయని నా అభిప్రాయం. ఈ పాఠం అయ్యేసరికి మీకు రావాల్సింది ఒక్కటే: పాట నడుస్తుండగా కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఎవరు వాయిస్తున్నారు, ఎప్పుడు ఆపారు, ఆపితే ఆ ఖాళీని ఎవరు నింపారు అన్నది చెప్పగలగడం.

కావలసిన సామాను: ఆంప్లిఫయర్ మీద బ్యాలెన్స్ నాబ్, ఒక కాగితం, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఎల్పీకి టైమ్ చూపించే అంకెలుండవు కాబట్టి ముల్లు దింపి పాట మొదలవగానే స్టాప్‌వాచ్ నొక్కండి. ఫోన్‌లోనే వినేవాళ్లు యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఎడమ–కుడి బ్యాలెన్స్ జరిపే గీత ఉంటుంది. అక్కడే ఉండే 'మోనో ఆడియో' మాత్రం ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే రెండు వైపులా ఒకటే వినిపించి, పాఠమంతా దండగవుతుంది. ఇయర్‌ఫోన్స్ అయితే ఒకటి తీసేస్తే సరి. ఫోన్ స్పీకర్‌తో మాత్రం వద్దు.

మొదట బ్యాలెన్స్ నాబ్ పనికిరాని రికార్డు తీసుకుందాం. డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్యాండు వాళ్ల 'డౌన్ బై ద జెట్టీ', 1975. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఎసెక్స్‌లో ఉన్న కాన్వీ ఐలండ్ వాళ్లది. అట్ట నలుపు–తెలుపు, లోపల సంగీతం మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే. 1975లో మోనో! తోటి బ్యాండ్లు పదహారు ట్రాకులు, ఇరవైనాలుగు ట్రాకులు అంటూ పొరలు పేర్చుకుంటూ పోతున్న రోజుల్లో వీళ్లు నలుగురూ స్టేజీ మీద ఎలా వాయిస్తారో దాదాపు అలాగే రికార్డు చేశారు. గిటార్ ఒక్కటే, విల్కో జాన్సన్‌ది. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతోనే తన టెలికాస్టర్ గిటార్ తీగల్ని కొట్టేవాడు. పుట్టుకతో ఎడమచేతివాటం, గిటార్ మాత్రం కుడిచేతివాటంగా వాయించడం నేర్చుకున్నాడు.

మొదటి పాట 'షి డజ్ ఇట్ రైట్' పెట్టండి. మొదటి అర నిమిషం చాలు, మూడుసార్లు వినండి. మొదటిసారి ఏమీ చేయకుండా వినండి. రెండోసారి గిటార్ కొట్టిన ప్రతి దెబ్బకీ బల్ల మీద వేలితో తట్టండి. అప్పుడు తెలుస్తుంది, ప్రతి కార్డూ ఎంత పొట్టిగా తెగిపోతోందో. కొట్టిన వెంటనే చెయ్యి ఆనించి తీగల్ని నొక్కేస్తున్నాడు. మూడోసారి లీ బ్రిల్లో పాడుతున్న మాటల మీద మాత్రమే దృష్టి పెట్టి, అతను ఊపిరి పీల్చుకునే సందుల్లో గిటార్ ఏం చేస్తోందో చూడండి. ఆ సందులో ఒక చిన్న గమకం లాంటి ముక్క పడుతుంది, పడీ పడగానే మళ్లీ కార్డ్స్ మొదలు. లీడ్ (ముందుండి వరస వాయించడం), రిథమ్ (కింద కార్డ్స్‌తో పాటని నడిపించడం) అనే రెండు పనులూ ఒకే చెయ్యి చేస్తోంది. ఇదంతా విల్కో పైరేట్స్ బ్యాండు గిటారిస్టు మిక్ గ్రీన్‌ని చూసి నేర్చుకున్నానని ఎప్పుడూ చెప్పుకునేవాడు. పైరేట్స్ పేరు గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే మళ్లీ వస్తుంది.

రెండో రికార్డు ద హూ అనే బ్యాండుది, 'లైవ్ ఎట్ లీడ్స్'. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో జరిగిన కచేరీ. ఇక్కడా గిటార్ ఒక్కటే, పీట్ టౌన్‌షెండ్‌ది. తేడా ఏమిటంటే ఇది స్టీరియో. గిటార్ ఒక స్పీకర్ వైపు, జాన్ ఎంట్విసిల్ బేస్ గిటార్ (మంద్ర స్వరాల గిటార్) ఇంకో స్పీకర్ వైపు ఒరిగి ఉంటాయి. పాటా డ్రమ్సూ మధ్యలో ఉంటాయి కాబట్టి బ్యాలెన్స్ ఎటు తిప్పినా అవి పూర్తిగా పోవు, కంగారు పడకండి.

మొదటి వైపు చివర్లో 'షేకిన్ ఆల్ ఓవర్' ఉంది. అది జానీ కిడ్ అండ్ ద పైరేట్స్ 1960లో పాడిన హిట్టు, అంటే విల్కో గురువుగారు తర్వాత చేరిన బ్యాండుది. బ్యాలెన్స్‌ని పూర్తిగా గిటార్ వైపు తిప్పి ఒకసారి, పూర్తిగా బేస్ వైపు తిప్పి ఒకసారి వినండి. టౌన్‌షెండ్ కార్డ్స్ వదిలేసి సోలోకి వెళ్లినప్పుడు కింద రిథమ్ గిటార్ అంటూ ఏమీ లేదు. మరి పాట ఎందుకు డొల్లగా అనిపించదు? బేస్ వైపు తిప్పి వింటే జవాబు దొరుకుతుంది. మన కచేరీలో గాయకుడి వెనకే నడిచే వయొలిన్, ఆయన ఆగినచోట అందుకుని నింపుతుంది చూడండి, ఎంట్విసిల్ చేసేదీ అదే. మన చెవులకి ఆ అలవాటు ఎలాగూ ఉంది, ఇక్కడ వాడుకోండి.

ఈ రికార్డు గురించి ఇంకో మాట. దొంగ రికార్డులా కనిపించాలని మామూలు అట్టకి రబ్బరు స్టాంపు కొట్టినట్టు పేరు వేశారు. లేబుల్ మీద చేత్తో రాసినట్టు ఒక గమనిక ఉంటుంది: చిటపటలు ఉంటాయి, పర్వాలేదు, సరిచేయకండి అని. అవి అసలు టేపులోనే ఉన్నాయి. 1995లో కొత్తగా సీడీ వేసినప్పుడు శుభ్రం చేశారు, పాటలు కూడా బాగా పెంచారు. ఆరే పాటలున్న మొదటి ఎల్పీయే నాకిష్టం. మీ ఎల్పీలో చిటపట వినిపిస్తే ముల్లుని తిట్టుకునే ముందు ఆ గమనిక చదవండి.

ఇప్పుడు అసలు పరీక్ష. రోలింగ్ స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్', 1971 ఏప్రిల్. చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ ఆలోచన ప్రకారం అట్ట మీద జీన్స్ ప్యాంటు ఫోటో, దానికి నిజం జిప్పు. జిప్పు అందంగానే ఉంది గానీ, రికార్డుల్ని దొంతరగా పేర్చి పంపేసరికి ఆ లోహం పక్క రికార్డులోకి నొక్కుకుపోయి, రెండో వైపు 'సిస్టర్ మార్ఫిన్' దగ్గర సొట్టలు పడ్డాయి. చివరికి దొరికిన ఉపాయం జిప్పుని సగం కిందకి లాగి పంపడం. అప్పుడు అది సరిగ్గా మధ్యలోని లేబుల్ మీద ఆనుతుంది, పాటలకి దెబ్బ తగలదు. జిప్పున్న పాత కాపీ ఎప్పుడైనా చేతికొస్తే, బేరం ఆడేముందు రెండో వైపుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఇంటికి తెచ్చాక షెల్ఫులో పక్కవాటికి ఆనించకండి, మధ్యలో దళసరి అట్టముక్క పెట్టండి. నా దాని పక్కనున్న రికార్డు అట్టకి నిలువుగా ఒక గీత పడింది.

మొదటి వైపు నాలుగో పాట 'కాంట్ యూ హియర్ మీ నాకింగ్', ఏడు నిమిషాల పైచిలుకు. పాట ఎత్తుకునేది కీత్ రిచర్డ్స్ గిటార్. ఆ మోత ప్రత్యేకంగా ఉండటానికి కారణం శ్రుతి. మామూలుగా ఆరు తీగలూ విడిగా మీటితే కార్డ్ పలకదు. కీత్ లావు తీగని పీకేసి, మిగతా ఐదింటినీ జి, డి, జి, బి, డి అనే స్వరాలకి కడతాడు. అంటే వేలు పెట్టకుండా మీటినా జి మేజర్ కార్డ్ మోగుతుంది. అందువల్ల ఒకటి రెండు వేళ్లు మార్చుకుంటూ పోతే చాలు, ఖాళీ తీగలు వాటంతటవే గణగణలాడుతూ ఉంటాయి. రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ ముక్కలో) మీకు వినిపించే ఆ గరుకుదనం అక్కడిదే.

ఇప్పుడు కాగితం తీయండి. స్టాప్‌వాచ్ నొక్కి నాలుగు సంగతులు రాయాలి: చార్లీ వాట్స్ డ్రమ్స్ ఎప్పుడు వచ్చాయి, రెండో గిటార్ ఎప్పుడు వచ్చింది, అది ఏ వైపు నుంచి వచ్చింది, పాట మాటలు ఎప్పుడు అయిపోయాయి. రెండో గిటార్ మిక్ టేలర్‌ది. మొదటిసారి దొరక్కపోతే బ్యాలెన్స్ తిప్పి, కీత్ లేని వైపే వినండి. ఇద్దరూ ఒకేసారి ఒకే దెబ్బ కొట్టే చోట్లు తక్కువ. ఒకడు కొట్టి వదిలిన ఖాళీలో రెండోవాడు కొడతాడు. రెండు వైపులూ విడివిడిగా విన్నాక నాబ్‌ని మధ్యకి తెచ్చి వింటే, ఇంతకాలం ఒకే గిటార్ అనుకున్నది రెండుగా విడిపోతుంది. ఒకసారి అలా వినిపించాక ఇక కలపమన్నా కలవదు.

దాదాపు రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర పాట అయిపోతుంది. నిజంగానే అయిపోయిందనుకున్నారట, టేలర్ వాయిస్తూనే ఉండటంతో, టేపు తిరుగుతూ ఉండటంతో, వాయిద్యాలు కింద పెట్టేస్తున్నవాళ్లు మళ్లీ అందుకున్నారని అతనే తర్వాత చెప్పాడు. కాంగాలు (చేత్తో వాయించే పొడుగు డ్రమ్ములు), బాబీ కీస్ శాక్సోఫోన్, ఆర్గాన్ అయ్యాక, నాలుగున్నర నిమిషాలు దాటాక టేలర్ సోలో వస్తుంది. ఎంత బాగున్నా దాన్ని ఈసారికి వదిలేయండి. దాని కింద కీత్ ఏం చేస్తున్నాడో వెతకండి. మొదట్లో అంత గొడవ చేసిన మనిషి ఇక్కడ చిన్న చిన్న ముక్కలు విసిరి ఊరుకుంటున్నాడు. ఎక్కడ ఊరుకున్నాడో రాసుకోండి. నన్నడిగితే ఆల్బమ్ మొత్తంలో అసలు పనితనం ఆ ఊరుకోవడమే.

నాలుగోది త్వరగా చూసేద్దాం: విష్‌బోన్ యాష్ 'ఆర్గస్', 1972. ఇక్కడ ఆండీ పావెల్, టెడ్ టర్నర్ ఇద్దరూ లీడ్ గిటారిస్టులే. ఒకే వరస ఇద్దరూ కలిసి వాయిస్తారు, కానీ వేరే మెట్ల మీద. ఒకరు స దగ్గర ఉంటే రెండోవారు గ, ఒకరు రి అంటే ఇంకొకరు మ. 'బ్లోయిన్ ఫ్రీ' విని, ముందు కింది గొంతుని, అంటే కింది మెట్టు మీద ఉన్న గిటార్‌ని, మీరు నోటితో కూనిరాగం తీయండి, తర్వాత పై గొంతుని. పై గొంతు అందరికీ వస్తుంది. కిందిది పట్టుకోవడమే కష్టం. ఇద్దరూ ఇలా జంటగా పోతున్న చోట్ల బరువు మోసేది మార్టిన్ టర్నర్ బేస్ గిటార్. యోధులూ కత్తులూ అంటూ సాగే సాహిత్యం నాకు పెద్దగా ఎక్కదు, గిటార్ల కోసమే తీస్తాను. దీని ఇంజినీర్ మార్టిన్ బర్చ్ తర్వాతి రోజుల్లో ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండు రికార్డులు నిర్మించాడు. ఐరన్ మెయిడెన్ బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్‌కి ఈ ఆల్బమ్ అంటే ప్రాణం. వాళ్ల జంట గిటార్లు ఎక్కడి నుంచి వచ్చాయో దీంతో అర్థమవుతుంది.

హోంవర్క్: ద స్మిత్స్ 'ద క్వీన్ ఈజ్ డెడ్', 1986. బ్యాండులో గిటారిస్టు ఒక్కడే, జానీ మార్. సోలో అంటూ చెప్పుకోదగ్గది వెతికినా దొరకదు, అయినా ప్రతి పాటలోనూ గిటార్లు పొరలు పొరలుగా ఉంటాయి, అన్నీ అతనే ఒకదాని మీద ఒకటి రికార్డు చేసుకున్నాడు. 'ద బాయ్ విత్ ద థార్న్ ఇన్ హిజ్ సైడ్' విని ఎన్ని గిటార్లున్నాయో లెక్కపెట్టండి. తర్వాత 'బిగ్‌మౌత్ స్ట్రైక్స్ అగైన్' విని, పాటని లాక్కెళ్తున్నది ఎలక్ట్రిక్ గిటారా, మామూలు చెక్క గిటారా చెప్పండి. లెక్కలో ఒకటి అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. ఈ పాటలో వెనక సన్నగా పాడిన గొంతుకి అట్ట మీద యాన్ కోట్స్ అని పేరు వేశారు. ఆవిడ ఎవరా అని వెతక్కండి, అది శ్రుతి పెంచేసిన, బ్యాండు గాయకుడు మోరిసీ గొంతే.

వచ్చే పాఠం గిటార్ గరగర గురించి, అంటే డిస్టార్షన్. దానికి కింక్స్ వాళ్ల 1964 పాట 'యూ రియల్లీ గాట్ మీ' దగ్గర పెట్టుకోండి. డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసిన దగ్గర నుంచి మొదలుపెడదాం.