పేపరుకి డాలర్లు కట్టే ముందు

అమలాపురంలో ఎమ్మెస్సీ చదివే మా మేనల్లుడు కొబ్బరి తెల్లదోమ మీద ఒక పరిశోధన పేపరు తెరవబోతే సైటు 35 డాలర్లు అడిగింది. కార్డు తీస్తుంటే ఆపాను.

ముందు కృషికోశ్ అనే వెబ్‌సైటు చూడండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు చాలావరకు అక్కడ ఉచితమే. మిగతా సబ్జెక్టుల పీహెచ్‌డీలకు శోధ్‌గంగ. ఒకటే మెలిక, 'తెల్లదోమ' అని కొడితే పని జరగదు. పురుగు శాస్త్రీయ నామం, అల్యూరోడికస్ రుగియోపెర్క్యులేటస్, ఇంగ్లీషు అక్షరాల్లో (Aleurodicus rugioperculatus) కొట్టాలి. (నోరు తిరగదు, కాపీ చేసుకోండి.) శోధ్‌గంగలో అధ్యాయానికో పీడీఎఫ్ ఉంటుంది. మొత్తం దించకుండా పాత పరిశోధనల్ని సమీక్షించే అధ్యాయం తెరవండి. మీరు కొనబోయిన పేపరు సారం చాలాసార్లు అక్కడే రెండు ముక్కల్లో దొరుకుతుంది.

ప్రభుత్వ కాలేజీ అయితే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం లాగిన్ ఉందేమో లైబ్రేరియన్ గారిని అడగండి. 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్లు అందులో ఉన్నాయి. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలకు లేదు, అదే నాకు నచ్చలేదు.

ఎక్కడా దొరక్కపోతే రచయితకే మెయిల్ పెట్టండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.