చేయి సహకరించకపోయినా డిగ్రీ పరీక్ష రాయడం ఎలా?

హాల్‌టికెట్ చేతికొచ్చాక స్క్రైబ్ (మనం చెబుతుంటే పరీక్షలో రాసిపెట్టే మనిషి) కోసం పరుగులు పెట్టేవాళ్లను చూశాను. ఈ పని పరీక్ష ఫీజు కట్టే నాటికే మొదలుకావాలి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమైనా, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయమైనా అంతే.

ముందు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, తీసి చదవండి. శాతం ఒక్కటే చూసి పక్కన పెట్టకండి. ఒక చేయా, రెండు చేతులా అన్నది ముఖ్యం. రెండు చేతులూ పనిచేయనివారు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పే స్థితి) ఉన్నవారు కోరితే స్క్రైబ్‌ను ఇవ్వాలని 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మిగతావారు తాము రాయలేమని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ లేదా సివిల్ సర్జన్ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వైకల్యం నలభై శాతం లేదని వెనక్కి తగ్గనక్కర్లేదు. రాస్తుంటే వేళ్లు బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, ఆ శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటివారి కోసం 2022 ఆగస్టులో వేరే మార్గదర్శకాలు కూడా వచ్చాయి.

తర్వాత దరఖాస్తు. ప్రిన్సిపాల్ ద్వారా పరీక్షల విభాగానికి పంపండి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా "చూద్దాంలే" అంటే ఊరుకోవద్దు. స్క్రైబ్‌తోపాటు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, పక్కవారికి మీ మాటలు వినపడని వేరే గది కూడా అందులోనే అడగండి. స్క్రైబ్ వద్దు, నెమ్మదిగా నేనే రాసుకుంటాను అనేవారికీ అదనపు సమయం ఉంది.

అనుమతితో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. మార్కులు పోయేది ఆ తర్వాతే. మా వీధి అక్కకు నేను స్క్రైబ్‌గా కూర్చున్న మొదటి పరీక్షలో ఆమె వాక్యం మధ్యలో ఆగి ఆలోచించేది, నేను సగం రాసి కొట్టివేసేవాణ్ణి. రెండో పరీక్షకు ఒక ఒప్పందం చేసుకున్నాం. వాక్యం మనసులో పూర్తయ్యాకే ఆమె పలకాలి, నేను రాసి చివరి మాట తిరిగి చెప్పాలి. "కొత్త పేరా", "కింద గీత" అనే మాటలు కూడా ముందే అనుకున్నాం. పటాలు మాత్రం చాలా ఇబ్బంది పెట్టాయి. గ్రాఫు గీయించాలంటే ఏ గీత మీద ఎన్నో గడి అని చెప్పడం ఇంటి దగ్గరే అలవాటు కావాలి. కాబట్టి పాత ప్రశ్నపత్రాలు రెండైనా గడియారం పెట్టుకుని, అదే మనిషితో పూర్తిగా రాయించండి. స్క్రైబ్ చదువు మీ చదువు కంటే తక్కువ స్థాయిలో ఉండాలన్న నిబంధన ఉంటుంది, పేరు ఇచ్చే ముందే కనుక్కోండి. తెలుగు మాధ్యమమైతే ఒత్తులు తప్పు పోనివ్వని వారిని వెతకండి.

తరగతి నోట్సుకు ఫోనే చాలు. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి. పారిభాషిక పదాలు మాత్రం సరిచూసుకోవాలి. విండోస్ కంప్యూటర్‌లో షిఫ్ట్ మీట ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది, రెండు మీటలు ఒకేసారి పట్టుకునే అవసరం తప్పుతుంది. పెన్ను జారుతుంటే గుడ్డ చుట్టి లావు చేయండి.

మూడు గంటల పేపరు మధ్యాహ్నం 2కు మొదలైతే, అదనపు సమయంతో కలిపి మీరు బయటికి వచ్చేసరికి 6 అవుతుంది. దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో వెళ్లాలంటే ఆ వేళ బస్సు ఉందో లేదో ముందే తెలుసుకోండి. స్క్రైబ్ ఇంట్లో కూడా ఆ మాట చెప్పి ఉంచండి.