మేక్ ఆగిపోయిందా? సైంటిఫిక్ కోడ్ బిల్డ్ సమస్యలు, పరిష్కారాలు

సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా కట్టే (బిల్డ్ చేసే) పనిముట్టు మేక్. "అన్నా, మేక్ ఫెయిలైంది" అంటూ జూనియర్లు పంపే స్క్రీన్‌షాట్లలో చాలాసార్లు చివరి లైను ఒక్కటే కనిపిస్తుంది: ఎర్రర్ 2. ఏదో ఒకటి ఫెయిలైందని తప్ప ఆ లైను ఇంకేమీ చెప్పదు. అసలు ఎర్రర్ పైన ఎక్కడో ఉంటుంది. ఎనిమిది కోర్ల మీద బిల్డ్ నడుస్తుంటే అన్ని ఫైళ్ల మెసేజ్‌లూ కలగాపులగం అయిపోతాయి. అందుకే ఫెయిలైన వెంటనే ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే జే ఆప్షన్ తీసేసి మళ్లీ నడపండి. అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లోకి మళ్లించి, పైనుంచి చదువుతూ మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఆగండి. రీసెర్చ్‌కి దాచుకున్న వారాలు ఇలా బిల్డ్‌లో కరిగిపోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసినా కాన్ఫిగర్ "లేదు" అంటోంది

బిల్డ్‌కి ముందు మీ సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో వెతికే స్క్రిప్టు కాన్ఫిగర్. డెబియన్, ఉబుంటుల్లో లైబ్రరీ ఒక ప్యాకేజీలో, దాని హెడర్ ఫైళ్లు (కంపైల్ చేసేటప్పుడు కావాల్సిన డాట్ హెచ్ ఫైళ్లు) "డెవ్" అని ముగిసే ఇంకో ప్యాకేజీలో ఉంటాయి. ఫెడోరాలో ఆ తోక "డెవెల్". ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ సిస్టమ్‌లో పోర్ట్స్ (దాని ప్యాకేజీల సేకరణ) నుంచి వచ్చినవన్నీ యూఎస్ఆర్/లోకల్ డైరెక్టరీ కింద పడతాయి. యాపిల్ సిలికాన్ మ్యాక్‌లో హోమ్‌బ్రూ (ప్యాకేజీలు వేసుకునే పనిముట్టు) సామాను ఆప్ట్/హోమ్‌బ్రూ డైరెక్టరీ కింద ఉంటుంది. ఈ దారులను సీపీపీఫ్లాగ్స్ (హెడర్లకు), ఎల్‌డీఫ్లాగ్స్ (లైబ్రరీలకు) వేరియబుల్స్‌లో మీరే ఇవ్వాలి.

అయినా తేలకపోతే కాన్ఫిగర్ రాసిపెట్టే కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైల్ తెరవండి. దాని చివర కనిపించే వేరియబుల్స్ జాబితా మీద టైమ్ పెట్టకండి. లైబ్రరీ పేరుతో వెతికితే, ప్రతి లైను ముందూ నిలువు గీత ఉన్న ఒక చిన్న సీ ప్రోగ్రామ్ దొరుకుతుంది. ఆ ప్రోగ్రామ్ ఎందుకు ఫెయిలైందో దానికి సరిగ్గా పైనే రాసి ఉంటుంది. చాలాసార్లు లైబ్రరీ ఉండనే ఉంటుంది, అది అడిగే ఇంకో లైబ్రరీ ఉండదు.

పాత ఫోర్ట్రాన్ కోడ్‌లో "టైప్ మిస్‌మ్యాచ్"

2020లో వచ్చిన జీసీసీ 10 (సీ, ఫోర్ట్రాన్ కోడ్‌ల కంపైలర్) నుంచి ఇది మొదలైంది. నిన్నటిదాకా వార్నింగ్‌తో సరిపెట్టుకున్న కోడ్ ఇవాళ ఆగిపోతుంది. ఎర్రర్ చివర బ్రాకెట్లో రియల్ 8, ఇంటిజర్ 4 అని రెండు రకాలు చూపిస్తుంది. అంటే ఒకే సబ్‌రొటీన్‌ను ఒకచోట రియల్ అర్రేతో, ఇంకోచోట ఇంటిజర్ అర్రేతో పిలిచారన్నమాట. ఎంపీఐ (ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే లైబ్రరీ) వాడే కోడ్‌లో ఇది మామూలే. పాత పద్ధతిలో ఎంపీఐఎఫ్ డాట్ హెచ్ ఇన్‌క్లూడ్ చేసుకున్న ఫైల్లో ఎంపీఐ సెండ్‌కి ఒకసారి ఎనర్జీలు, ఇంకోసారి ఇండెక్సులు ఇస్తారు.

ఫోర్ట్రాన్ కంపైలర్ ఆప్షన్లు ఇచ్చే ఎఫ్‌ఫ్లాగ్స్‌లో హైఫన్ ఎఫ్‌అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్ పెడితే బిల్డ్ ముందుకు సాగుతుంది. జీసీసీ 9కి ఈ ఆప్షన్ తెలియదు, అక్కడ ఇస్తే అదే ఇంకో ఎర్రర్ అవుతుంది. అయితే ఫ్లాగ్ పెట్టేముందు ఒక్కో మెసేజ్ చదవమని బతిమాలుతున్నాను. ఎంపీఐ బఫర్ అయితే భయం లేదు. మీ సొంత సబ్‌రొటీన్ డబుల్ ప్రెసిషన్ అడుగుతుంటే సింగిల్ ప్రెసిషన్ సంఖ్య పంపుతున్నారనుకోండి, అది నిజమైన బగ్. ఫ్లాగ్ దాన్ని కప్పేస్తుంది, లెక్క మాత్రం తప్పుతుంది. అక్కడ కోడే దిద్దాలి.

లింక్ చేసేటప్పుడు "డీజెమ్ కనబడలేదు"

డీజెమ్ అంటే బ్లాస్ అనే గణిత లైబ్రరీలో మాత్రికలను గుణించే ఫంక్షన్. ముందు లింక్ కమాండ్‌లో వరుస చూడండి. స్టాటిక్ లైబ్రరీలను లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది కాబట్టి మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు, తర్వాత లాప్యాక్ (బ్లాస్ మీద కట్టిన ఇంకో గణిత లైబ్రరీ), ఆ తర్వాత బ్లాస్ రావాలి. వరుస సరిగ్గానే ఉంటే ఎన్ఎమ్ కమాండ్‌తో లైబ్రరీలో ఆ పేరు ఎలా ఉందో చూడండి. జీసీసీలోని ఫోర్ట్రాన్ కంపైలర్ అయిన జీఫోర్ట్రాన్ పేరు చివర ఒక అండర్‌స్కోర్ తగిలిస్తుంది. మ్యాక్‌లో ముందు కూడా ఒకటి ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. పేరు పక్కన టీ ఉంటే ఆ ఫంక్షన్ అందులో ఉన్నట్టు, యూ ఉంటే అది కూడా బయటినుంచి కోరుకుంటున్నట్టు.

మ్యాక్‌లో ఓపెన్‌ఎంపీ ఆప్షన్ చెల్లదంటోంది

ఓపెన్‌ఎంపీ అంటే కోడ్‌ను పలు కోర్ల మీద నడిపే పద్ధతి. జీసీసీ అని టైప్ చేస్తే మ్యాక్‌లో పలికేది యాపిల్ క్లాంగ్ అనే వేరే కంపైలర్, అది ఆ ఆప్షన్‌ను ఒప్పుకోదు. హోమ్‌బ్రూతో అసలు జీసీసీ వేసుకుని, జీసీసీ-14 అన్నట్టుగా వెర్షన్ నంబరుతో పిలవండి. సీ++ కోడ్ అయితే దాని మీద ఆధారపడ్డ సీ++ లైబ్రరీలన్నీ అదే కంపైలర్‌తో కట్టుకోవాలి. రెండింటి స్టాండర్డ్ లైబ్రరీలు వేరు కాబట్టి కలిపితే లింక్ కాదు.

ఫ్రీబీఎస్‌డీలో మేక్‌ఫైలే అర్థం కావట్లేదు

అక్కడి మేక్ వేరు. జీమేక్ (లైనక్స్‌లో ఉండే జీఎన్‌యూ మేక్) ఇన్‌స్టాల్ చేసుకుని దాంతో నడపండి. మాలాక్ డాట్ హెచ్ దగ్గర ఆగితే, సోర్స్‌లో దాని బదులు ఎస్‌టీడీలిబ్ డాట్ హెచ్ రాస్తే చాలు.

మధ్యలో "కిల్డ్" అంటూ కంపైలర్ చచ్చిపోతోంది

మెమరీ చాలలేదు. సిస్టమ్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్ (డీఎంఈఎస్‌జీ) కమాండ్‌తో చూస్తే తెలుస్తుంది. జే సంఖ్య తగ్గించండి.

బిల్డ్ బాగానే అయింది, క్లస్టర్‌లో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్"

మీరు లాగిన్ అయ్యే మెషీన్‌లో (లాగిన్ నోడ్‌లో) మార్చ్=నేటివ్‌తో, అంటే ఆ మెషీన్ ప్రాసెసర్‌కే తగ్గట్టు కంపైల్ చేసి ఉంటారు. జాబ్ నడిచే కంప్యూట్ నోడ్ ప్రాసెసర్ అంతకంటే పాతదైతే ఆ ఇన్‌స్ట్రక్షన్లు దానికి తెలియవు. జాబ్ నడిచే నోడ్‌లోనే కంపైల్ చేయండి, లేదా మార్చ్‌కి ఆ పాత ప్రాసెసర్ పేరు ఇవ్వండి. తర్వాత మేక్ చెక్ (కోడ్‌తో వచ్చే పరీక్షలు) నడపకుండా ఒక్క ఫలితం కూడా పేపర్‌లోకి ఎక్కించకండి.

అన్నీ మార్చినా అదే ఎర్రర్

మేక్‌ఫైళ్లను తయారుచేసే సీమేక్ మొదటిసారి చూసిన కంపైలర్‌ను సీమేక్‌క్యాష్ ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏ సీ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ వేరియబుల్‌ను మీరు ఎన్నిసార్లు మార్చినా పట్టించుకోదు. బిల్డ్ డైరెక్టరీ మొత్తం తీసేసి, ఖాళీ డైరెక్టరీలో మళ్లీ మొదలుపెట్టండి.