ఇంటి అలారానికి టైం షెడ్యూల్ ఎలా పెట్టాలి

యాప్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో ఏ తలుపు ఏ వేళకి తెరుచుకుంటుందో రాయండి. విజయవాడ, గుంటూరు ఇళ్ళలో పొద్దున్నే ముగ్గు వేయడానికి వీధి తలుపు తీస్తారు, తర్వాత పాల ప్యాకెట్లు, ఏడింటికి పనిమనిషి కోసం పెరటి తలుపు. ఎండాకాలం డాబా మీద పడుకునేవాళ్ళుంటే రాత్రిపూట మెట్ల తలుపు కూడా. సైరన్ అనవసరంగా మోగేది సరిగ్గా ఈ వేళల్లోనే. రెండు తెల్లవారుజాములు వీధి మొత్తాన్ని లేపితే, మూడోనాటికి ఇంట్లోవాళ్ళే షెడ్యూల్ తీసి పారేస్తారు.

కాగితం అయ్యాక ప్యానెల్ (అలారం మెయిన్ పెట్టె) గడియారం చూడండి. టైం జోన్ జీఎంటీ ప్లస్ 5:30 ఉండాలి. చైనా టైం, అంటే ప్లస్ 8:00, అలాగే ఉండిపోతే ప్యానెల్ రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. రాత్రి 11కి పెట్టిన షెడ్యూల్ 8:30కే, అన్నాలు తినే వేళకే ఆర్మ్ అవుతుంది, అంటే కాపలా మొదలుపెడుతుంది. ఎండాకాలం గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ ఆఫ్ చేయండి, నెట్ నుంచి టైం తీసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏదో పాత సంవత్సరానికి వెళ్ళిపోతుంటే, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీనో, 12 వోల్టుల పెద్ద బ్యాటరీనో అయిపోయిందని అర్థం. అది మార్చకుండా ఎన్ని షెడ్యూళ్ళు పెట్టినా దండగే.

రాత్రి షెడ్యూల్‌కి ఎప్పుడూ స్టే మోడ్ పెట్టండి. అందులో తలుపులు, కిటికీల సెన్సర్లే పనిచేస్తాయి, హాల్లోని మోషన్ సెన్సర్ పడుకుంటుంది. మంచినీళ్ళకి లేచిన పెద్దాయన సైరన్‌కి హడలిపోనక్కర్లేదు. అవే (Away) మోడ్ ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే. వీధి తలుపుకి ఎంట్రీ డిలే, అంటే లోపలికొచ్చి పిన్ కొట్టేదాకా సైరన్ ఆగే సమయం, 30 సెకన్లు చాలు, పెరటి తలుపుకీ మెట్ల తలుపుకీ అసలు డిలే వద్దు. తలుపు, గ్రిల్ రెండూ తాళాలు వేసుకుని వెళ్ళాలి కాబట్టి ఎగ్జిట్ డిలే, అంటే బయటికి వెళ్ళడానికి ఇచ్చే సమయం, 60 సెకన్లు ఇవ్వండి. ఆటో ఆర్మ్‌కి 10 నిమిషాల ముందు కీప్యాడ్ బీప్ కొట్టేలా పెడితే, చుట్టాలింకా కూర్చునే ఉన్న రోజున వాయిదా వేసుకోవచ్చు.

అర్ధరాత్రి దాటే షెడ్యూల్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మొదలు, ముగింపు రెండూ అడిగే ప్యానెళ్ళలోనూ డీవీఆర్‌లలోనూ (కెమెరా రికార్డింగ్ పెట్టెలు) 22:45 నుంచి 05:00 అని ఒకే వరసలో కొడితే కొన్ని ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకున్నట్టే ఉండి పనిచేయవు. రెండు ముక్కలు చేయండి: 22:45 నుంచి 24:00, 00:00 నుంచి 05:00. రెండో ముక్క మరుసటి రోజు ఖాతాలోది. శని, ఆదివారాలకి వేరే టైం పెట్టేవాళ్ళు శనివారం రాత్రి తెల్లవారుజాము భాగాన్ని ఆదివారం వరసలోనే వేయాలి. లేకపోతే 12 దాటాక ఇల్లు కాపలా లేకుండా ఉంటుంది.

ఆర్మ్ చేయడం యంత్రానికి వదిలేయండి, డిసార్మ్ (కాపలా తీసేయడం) మాత్రం మనిషే చేయాలి. రోజూ 5కి ఆటో డిసార్మ్ పెట్టుకుని, సంక్రాంతికి అవే మోడ్ వేసి ఊరెళ్ళారనుకోండి. కొన్ని ప్యానెళ్ళలో ఆ షెడ్యూల్ మోడ్ చూడదు. మర్నాడు 5 కాగానే ఖాళీ ఇంటి కాపలా దానంతటదే తీసేస్తుంది. మొదట లేచేవాళ్ళు పిన్ కొట్టడానికి పట్టేది నాలుగు సెకన్లు. ఆ మాత్రం శ్రమ పడదాం. ఊరెళ్ళేటప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో (తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఏర్పాటు) కూడా ఇల్లు నమోదు చేసుకోండి, మంచిది.

పనిమనిషికి వేరే పిన్ ఇచ్చి, అది 6:45 నుంచి 9:00 వరకే చెల్లేలా పెట్టండి. మీ పిన్ మాత్రం చెప్పకండి.

ఆర్మ్ అయ్యే వేళకి పెరటి తలుపు ఓరగా తీసి ఉంటే ప్యానెల్ ఏం చేయాలో కూడా మీరే చెప్పాలి. ఫోర్స్ ఆర్మ్ ఆన్‌లో ఉంటే ఆ తలుపుని వదిలేసి మిగతావాటిని ఆర్మ్ చేస్తుంది. పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, దొంగకి కావలసిన తలుపు మాత్రం లెక్కలో ఉండదు. ఫోర్స్ ఆర్మ్ ఆఫ్ చేసి, ఆర్మ్ కాలేదన్న కబురు ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోండి.

మే నెలలో మోషన్ సెన్సర్‌ని ఒకసారి పరీక్షించాలి. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాని బట్టే అది మనిషిని పట్టుకుంటుంది. మూసేసిన ఇల్లు 37 డిగ్రీల దగ్గరికి చేరితే ఆ తేడా కరిగిపోయి సెన్సర్ మందగిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి హాల్లో అడ్డంగా నడిచి చూడండి. పట్టుకోకపోతే సెన్సిటివిటీ ఒక మెట్టు పెంచండి, చలికాలం రాగానే తగ్గించండి. సెన్సర్ అద్దం మీద పాకే బల్లి కూడా సైరన్ మోగించగలదు.

చివరగా షెడ్యూల్ ఎక్కడ దాగి ఉందో తేల్చుకోండి, ప్యానెల్లోనా, కంపెనీ సర్వర్లోనా? 5 నిమిషాల తర్వాత ఆర్మ్ అయ్యేలా పెట్టి రౌటర్ ఆపేయండి. టైం అయినా ఆర్మ్ కాలేదంటే నెట్ లేని రాత్రి మీకు కాపలా లేనట్టే. అలాంటప్పుడు రౌటర్‌ని, కేబుల్ నెట్ పెట్టెని ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చండి, అయినా పడుకునే ముందు ఆర్మ్ అయినట్టు చెప్పే కీప్యాడ్ లైటు చూసుకోండి. మొదటి వారం రోజూ పొద్దున్నే ఈవెంట్ లాగ్ (జరిగినవాటి చిట్టా) తెరిచి రాత్రి ఆర్మ్ అయిందో లేదో చూడండి, ప్యానెల్ గడియారాన్ని ఫోన్ టైంతో పోల్చండి. రెండు నిమిషాలకి మించి తేడా ఉంటే ఎన్‌టీపీ పనిచేయడం లేదు.