ఎండలు, పెళ్లిళ్లు మొదలయ్యేలోపు నోటి లోపలి సంగతి చూస్కోండి

మా పర్లాకిమిడి సైడు మార్చి దాటిందంటే ఎండలు, వెనకే పెళ్లిళ్లు, ఇటు పాతపట్నం టెక్కలి నుంచి అటు గుణుపురం బరంపురం దాకా చుట్టాలంతా ఒకచోట చేరతారు, ఒకే గ్లాసు నలుగురు తాగుతారు, చంటిపిల్లని పదిమంది ముద్దులాడతారు. నోటి ఉమ్ము ద్వారా వైరస్‌లు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది ఇలాంటప్పుడే, అందుకే ముందే చెప్తున్నా.

బుగ్గ లోపలి పొర సుమారు అర మిల్లీమీటరు, నాలిక కింద ఇంకా పల్చన. అయినా కణాలు వరస మీద వరస పేర్చినట్టుంటాయి, పై వరస రాలిపోతూ అంటుకున్న వైరస్‌ని కూడా పట్టుకుపోద్ది, పైన ఉమ్ములో యాంటీబాడీలు కాపలా. హెచ్‌పీవీ అనే వైరస్‌కి అడుగు వరస కణాలు దొరకాలి, అంటే ఎక్కడో గీత పడాలి. పెదవి పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌కి కూడా చిరిగిన చోటే సులువు, ఒకసారి దూరిందంటే నరం పట్టుకుని పోయి జీవితాంతం అక్కడే ఉండిపోద్ది, ఎండకో జ్వరానికో మళ్లీ పెదవి మీద పొక్కులై లేస్తది.

ఆ గీతలు చాలావరకు మనం చేసుకున్నవే. గుండి (నమిలే పొగాకు పొడి), గుడాకు (పళ్లకి రుద్దే పొగాకు ముద్ద), సున్నం ఎక్కువైన పాను. మా నాయనమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోట్లోకి పెట్టుకుని, అంగిలంతా తెల్లగా అయిపోయింది, అది గుర్తొస్తే ఇప్పటికీ బాధే. మీ ఇంట్లో పెద్దాళ్లుంటే తిట్టకుండా నోరు తెరిపించి టార్చి వేసి చూడండి, తెల్లమచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే బరంపురం ఎంకేసీజీ పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి, ముహూర్తాలయ్యాక చూద్దాంలే అనొద్దు.

నోరు ఎండనివ్వకండి, నీళ్లు, మజ్జిగ, పఖాళ నీళ్లు (చద్దన్నం నీళ్లు) ఏదైనా సరే తాగుతుండండి. మెత్తటి బ్రష్ వాడండి, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పెళ్లిళ్లకి ముందే డాక్టర్‌కి చూపించుకోండి. గ్లాసు ఎవరిది వాళ్లకే, లేదంటే చెంబు ఎత్తి పోసుకోండి.

పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు చంటిపిల్లని ముద్దు పెట్టుకోవద్దు, అసలు వద్దు, నెలలోపు బిడ్డకి హెర్పిస్ సోకితే ప్రాణం మీదకొస్తది. అత్తగారైనా మేనత్తైనా మొహమాటపడకుండా చెప్పేయండి.

ఇంకోటి, పెళ్లి భోజనాల దగ్గర వీధికుక్కలు చేరతాయి కదా, పిల్లల నోటి మీద నాకితే కరవలేదు కదా అని వదిలేయకండి, రేబిస్‌కి నోటి పొర మీద పడ్డ కుక్క ఉమ్ము చాలు, గీత కూడా అక్కర్లేదు. వెంటనే నీళ్లతో బాగా కడిగి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలేమో అడగండి.