క్రిస్మస్ పాక బొమ్మల రంగు పెచ్చులు లేస్తుంటే ముందు వాటి అడుగు భాగం చూడండి

సమస్య: అటక మీంచి పెట్టె దించి మరియమ్మ బొమ్మను బయటికి తీస్తే, నీలం అంగీ అంచున, సరిగ్గా పాదాల దగ్గర, రంగు పెచ్చులుగా లేచి ఉంటుంది. వేలితో తాకితే తెల్లటి పొడి. జోజప్పకూ (యోసేపు) అంతే, పడుకున్న ఆవుకైతే పొట్ట కింద మరీ ఎక్కువ.

చాలా ఇళ్లలో దీనికి చేసే వైద్యం ఒకటే. "అమ్మమ్మ నాటి బొమ్మలు, రంగు పాతబడింది" అనుకుని చిన్న డబ్బా ఎనామెల్ తెచ్చి పూసేస్తారు. మరుసటి క్రిస్మస్‌కి పెచ్చులు మోకాళ్ల దాకా ఎక్కుతాయి. మళ్లీ ఇంకో పూత. తప్పు రంగుది కాదు. బొమ్మను ఒక్కసారి తిరగేసి చూస్తే సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఆ ఒక్క పనే ఎవరూ చేయరు.

ఇక్కడ చెప్పేదంతా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల గురించి. అనుమానం ఉంటే అడుగున సూదితో చిన్న గీత గీయండి: తెల్లటి మెత్తని పొడి రాలితే ప్లాస్టరే. ఎర్రగా వస్తే కాల్చిన మట్టి. చేతికి మరీ తేలిగ్గా ఉంటే కాగితపు గుజ్జు.

కారణం: బొమ్మ కింద నుంచి నీళ్లు తాగుతోంది

ప్లాస్టర్ బొమ్మకు ఒంటి నిండా రంగు ఉంటుంది, అడుగు మాత్రం ఉత్త ప్లాస్టర్. దాని నిండా సన్నటి రంధ్రాలే. దీపం వత్తి నూనె పీల్చినట్టు అడుగున తడి తగిలితే పైకి పీలుస్తుంది. పైకెక్కిన నీరు ఆవిరై పోవాలంటే రంగు అడ్డం. అందుకని రంగు వెనకే ఆగి, తనలో కరిగి వచ్చిన ఉప్పును అక్కడ వదులుతుంది. ఆ ఉప్పు స్ఫటికాలు పెరిగి రంగును వెనక నుంచి నెడతాయి. పెచ్చు లేవడం, తెల్లపొడి రెండూ దీని పనే. బోరు నీళ్లయితే ఉప్పు మరీ ఎక్కువ.

ఎనామెల్ పూసినప్పుడు ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. తడి బయటపడే చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. అడుగు తడిగా ఉండగానే దానికి కొవ్వొత్తి మైనం పూసి మూసేయడమూ ఇదే తప్పు.

ఇంతకీ నీళ్లు ఎక్కడివి? "మా పాకలో నీళ్లే వాడం" అంటారు. పాకలో పచ్చిక కోసం రాగులో ఆవాలో చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తారు కదా. గొర్రెల బొమ్మలు నిలబడేది ఆ తడి మట్టిలోనే. కొండల కోసం తెచ్చిన ఇసుక తడిది. వీటన్నిటికన్నా కనిపెట్టడం కష్టమైనది గడ్డి. కోస్తా జిల్లాల్లో సార్వా కోతలయ్యేది నవంబరు, డిసెంబరులోనే. కొత్త వరిగడ్డి చూడటానికి ఎండినట్టే ఉంటుంది, గుప్పిట పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి వాసన వస్తుంది. దాని మీద బాలయేసును పడుకోబెడితే వీపంతా తడి పీలుస్తుంది. వీపు ఎవరూ చూడరు, పండగయ్యాక అలాగే గుడ్డలో చుట్టేస్తారు. ఆ తడి పెట్టెలోనే ఉండిపోయి మిగిలిన పదకొండు నెలలూ తన పని తాను చేసుకుంటుంది.

ఖాయం చేసుకోవడం ఎలా

తిరగేయండి. అడుగున టీ మరకలాంటి గోధుమ రంగు అంచు కనిపిస్తే నీళ్లు ఎక్కిన గుర్తు. తర్వాత అడుగుకు పలచటి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపల చెమట పడితే తడి ఇంకా లోపలే ఉంది.

బాగుచేయడం

ఆరబెట్టడమే అసలు మందు, అదే ఎవరికీ ఓపిక లేని పని. బొమ్మను పక్కకు పడుకోబెట్టి, కింద రెండు స్పాంజి ముక్కలు పెట్టి, అడుగుకు గాలి తగిలేలా నీడలో ఫ్యాను కింద ఉంచండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఒవెన్ అసలే వద్దు. వేడి 50 డిగ్రీలు దాటితే ప్లాస్టర్ తన సొంత నీటిని కూడా పోగొట్టుకోవడం మొదలుపెట్టి పిండిలా రాలుతుంది. ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. మూడు రోజులు వరుసగా తూకం తగ్గకపోతే ఆరినట్టు. అడుగు ఎత్తు బొమ్మకు రెండు మూడు వారాలు పట్టడం మామూలే. కాబట్టి పెట్టె దించాల్సింది ఆగమన కాలం (క్రిస్మస్ ముందరి నాలుగు వారాలు) మొదలయ్యాక కాదు, నవంబరు మొదట్లో.

ఆరాక తెల్లపొడిని మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో పొడిగానే దులపండి. మళ్లీ వస్తే మళ్లీ దులపండి. తడిగుడ్డతో తుడిస్తే ఆ ఉప్పే కరిగి లోపలికి పోతుంది. కుళాయి కింద పెట్టి కడగడం గురించి ఒక్క మాట: లీటరు నీళ్లలో 2 గ్రాములకు పైగా ప్లాస్టర్ కరుగుతుంది. వేళ్ల మధ్య గీతలు, పెదవి అంచు, ముందు పోయేవి అవే.

లేచిన పెచ్చును పీకకండి. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి, సున్నా నంబరు బ్రష్ మొనతో పెచ్చు వెనక ఒక్క చుక్క జారవిడవండి. నిమిషం ఆగి, బటర్ పేపర్ అడ్డం పెట్టి దూదితో మెల్లగా అదమండి. ముందుగా, వెనక వైపు కనపడని చోట ఒక పెచ్చు మీద చేసి చూడండి. రంగు కరుగుతుంటే అక్కడితో ఆపేసి, మ్యూజియం వస్తువులు బాగుచేసే వాళ్లకు చూపించడం మేలు. పూర్తిగా ఊడిపోయిన చోట మాత్రమే, అంతవరకే, నీటి రంగుతో అద్దండి.

పాకలో పెట్టేటప్పుడు ప్రతి బొమ్మ కిందా అడుగు కంటే కాస్త చిన్నగా కత్తిరించిన ఫోమ్ షీటు గానీ డబ్బా మూత గానీ పెట్టండి. గడ్డి కప్పితే కనపడదు. మొలకలను విడిగా చిన్న గిన్నెల్లో వేసుకుంటే గొడవే లేదు.

సమస్య: మణికట్టు దగ్గర, సమ్మనసు (దేవదూత) రెక్క మొదట్లో గోధుమ రంగు గీత, తర్వాత పగులు

ఇదీ ఆ తడి పుణ్యమే. సన్నటి భాగాలకు బలం కోసం లోపల ఇనుప తీగ పెట్టి ఉంటారు. తడికి అది తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ప్లాస్టర్‌ను లోపల నుంచి చీలుస్తుంది. పగులు మీద జిగురు పూస్తే ఆరు నెలలు ఆగుతుంది, అంతే. బొమ్మ పూర్తిగా ఆరాక, విరిగిన చోట తీగను సన్న ఉప్పుకాగితంతో గీకి, లక్క వార్నిష్ ఒక పూత వేసి ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు అతకండి. తీగ పూర్తిగా తినేసి ఉంటే ఒక మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ తీగ వేయండి. ఖాళీ పూడ్చడానికి 100 గ్రాముల ప్లాస్టర్‌కు 65 మిల్లీలీటర్ల నీళ్లు. పూడ్చే ముందు పాత అంచును తడి బ్రష్‌తో ఒక్కసారి అద్దకపోతే అది కొత్త ప్లాస్టర్‌లోని నీళ్లు లాగేసుకుంటుంది, అతుకు నిలవదు.

తీగ లేని మామూలు విరుగుళ్లకు చిక్కటి ఫెవికాల్ చాలు. ఎపాక్సీ జిగురు వద్దు, అది ప్లాస్టర్ కంటే గట్టిది, ఈసారి బొమ్మ పడితే అతుకు పక్కన కొత్తగా విరుగుతుంది.

సమస్య: ఒక వైపే, పైభాగంలోనే పొడి రాలడం

పాక కప్పులో పెట్టిన పాత ఫిలమెంట్ బల్బు వేడి. ఎల్‌ఈడీ పెట్టండి.

మిగతావి అరుదు. ముఖాలు నల్లబడితే కొవ్వొత్తి పొగ, పొడి బ్రష్‌తో వచ్చినంత తీసి వదిలేయండి. మందలో కొండపల్లి ఆవు కూడా ఉండి దాని కింద సన్నటి పొట్టు కనిపిస్తే అది చెక్క పురుగు, ఆ ఒక్కదాన్ని వేరే పెట్టెలో పెట్టండి. కాగితపు గుజ్జు బొమ్మను ఎలుక కొరికితే పెట్టె మార్చాలి.

జనవరి మొదట్లో ముగ్గురు రాజుల పండగ కాగానే పాక విప్పిన చేత్తోనే పెట్టె కట్టేయకండి. వారం రోజులు ఫ్యాను కింద పడుకోబెట్టాకే, ఉతికిన పాత నూలు చీర ముక్కల్లో చుట్టండి. ప్లాస్టిక్ కవరు, బబుల్ ర్యాప్ తడిని లోపలే పట్టి ఉంచుతాయి, న్యూస్ పేపరు సిరా తెల్ల అంగీకి అంటుతుంది. బాత్రూము మీది అటక వద్దు, రేకుల కింద వద్దు. రాలిన ముక్కలు ఏవున్నా కవరులో వేసి, ఏ బొమ్మవో రాసి, ఆ బొమ్మతోనే చుట్టండి.